తెర మీద ఆమెకిచ్చిన పని



ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ టీచరుగారి దగ్గర చదువుకున్నవాళ్లు ఈ హాల్లో చాలామందే ఉన్నారు. ఏ సినిమా బాగుందని మేం చెప్పినా ఆవిడ అడిగేది ఒక్కటే: "అందులో ఆ పిల్ల ఏం చేస్తుందర్రా?" ప్రేమిస్తుందండీ అంటే, "సరే, ఇంకా?" అనేవారు. ఆ "ఇంకా"కు మా దగ్గర జవాబు ఉండేది కాదు. తర్వాత స్త్రీవాద సినిమా విమర్శ చదువుతున్నప్పుడు, పెద్ద పెద్ద సిద్ధాంతాల అడుగున కూడా అదే ప్రశ్న కనిపించింది. ఈ రోజు ఆ ప్రశ్ననే పట్టుకుని సినిమా నుంచి వీడియో గేమ్ దాకా వెళ్తాను. గేమ్ అంటే పిల్లల వ్యవహారమని పెద్దలు దయచేసి పక్కన పెట్టవద్దు. మన ఇళ్లలో పిల్లలు ఆడామగా సంగతులు నేర్చుకుంటున్న చోటు ఇప్పుడు అది కూడా.

1975లో రెండు సంగతులు జరిగాయి. బ్రిటన్‌లో 'స్క్రీన్' అనే పత్రికలో లారా మల్వీ రాసిన వ్యాసం వచ్చింది. హాలీవుడ్ సినిమాలో చూసేవాడు మగవాడు, చూడబడేది ఆడది. కెమెరా, కథానాయకుడు, ప్రేక్షకుడు ముగ్గురూ ఒకే చూపులో కలిసిపోతారు. ఆమె తెర మీదికి రాగానే కథ ఆగి చూడటం మొదలవుతుంది. మల్వీ వాదన స్థూలంగా ఇదీ. మన సినిమాకు దీన్ని అన్వయించడానికి ఎక్కువ కష్టపడక్కర్లేదు. హీరో పరిచయం పాదంతో మొదలవుతుంది, హీరోయిన్ పరిచయమూ పాదంతోనే మొదలవుతుంది. అతని కాలు నేలను తాకితే దుమ్ము లేస్తుంది, ఎదుటివాడు ఎగిరి పడతాడు. ఆమె కాలికి పట్టీ ఉంటుంది, కెమెరా అక్కణ్నుంచి మెల్లగా పైకి పాకుతుంది. అతని పాదం ఒక పని చేస్తుంది, ఆమె పాదం కనిపిస్తుంది, అంతే.

అదే ఏడాది బెల్జియం దర్శకురాలు షాంతాల్ అకెర్‌మాన్, పాతికేళ్ల వయసులో, 'ఝాన్ డీల్‌మాన్' అనే సినిమా విడుదల చేసింది. నిడివి 3 గంటల 20 నిమిషాల పైమాటే. ఒక వితంతువు, ఎదిగిన కొడుకు, బ్రస్సెల్స్‌లో చిన్న ఇల్లు. మధ్యాహ్నాలు మగవాళ్లు వస్తారు, డబ్బిచ్చి పోతారు. ఆ గదిలో జరిగేది మాత్రం చివరి దాకా మనకు చూపించదు. చూపించేది వంటిల్లు. ఆ పాత్ర వేసిన డెల్ఫిన్ సేరిగ్ బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే కెమెరా కదలదు, దగ్గరికి పోదు, పక్కకు తిరగదు. ఆ పనికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ మనం కూర్చోవాలి. రెండో రోజు దుంపలు మాడతాయి. ఆవిడ గిన్నె పట్టుకుని ఎక్కడ పెట్టాలో తోచక ఇల్లంతా తిరుగుతుంది. అప్పటిదాకా ఆవిడ క్రమానికి అలవాటుపడ్డ మన గుండె ఆ గిన్నె దగ్గర దడదడలాడుతుంది. మన సినిమాల్లో అమ్మ వంటింట్లోంచి గరిటెతో బయటికొచ్చి కొడుకుని పలకరిస్తుంది. గరిట ఆమె వేషంలో భాగమే తప్ప దానితో ఆమె ఏం చేస్తోందో మనం చూడం. 2022లో 'సైట్ అండ్ సౌండ్' పత్రిక విమర్శకుల ఓటింగులో ప్రపంచంలోకెల్లా గొప్ప సినిమాగా అకెర్‌మాన్ చిత్రం మొదటి స్థానంలో నిలిచింది. ఒక స్త్రీ తీసిన సినిమాకు ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి.

మల్వీ చూపు గురించి మాట్లాడింది, అకెర్‌మాన్ పని గురించి మాట్లాడింది. ఈ రెంటిలో నేను రెండోదాని వైపు. చూపును నిందించి ఊరుకుంటే, కెమెరాను కాస్త మర్యాదగా పెట్టి అదే కథ మళ్లీ చెప్పేవాళ్లు ఉంటారు. నిండుగా చీర కట్టించి, తల దించుకునేలా చేసి, గౌరవంగా చూపించామంటారు. ఆమెకు కథలో చేయడానికి ఏమైనా ఇచ్చారా అని అడిగితే అక్కడ దొరికిపోతారు.

మనవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసనడానికి 'మాయాబజార్' సాక్ష్యం. 1957 నాటి ఆ సినిమాలో సావిత్రి రెండు పాత్రలు వేసింది. ఒకటి శశిరేఖ, రెండోది శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే ఒక స్త్రీ, స్త్రీ వేషంలో ఉన్న మగవాడిలా నటించాలి. పెళ్లి సంబరపు పాటలో ఆవిడ సిగ్గుపడుతూ వయ్యారంగా కదులుతుంది, అంతలో రొమ్ము విరుచుకుంటుంది. సుశీల గొంతు మధ్యలో ఘంటసాల గొంతు పలుకుతుంది. పెళ్లిపీటల దగ్గర లక్ష్మణకుమారుడి కాలు తొక్కుతుంది, ఆ వేషంలోని రేలంగి విలవిల్లాడతాడు. పైకి ఆ పాదానికీ పారాణే. అయినా ఇక్కడది ఒక పని చేసింది. హాలంతా నవ్వుతుంది. ఎందుకు నవ్వుతాం? శశిరేఖ సిగ్గు పుట్టుకతో వచ్చింది కాదని, ఎవరైనా నేర్చుకుని ప్రదర్శించగలిగేదని ఆ క్షణంలో మనకు బట్టబయలవుతుంది. జూడిత్ బట్లర్ 1990లో, లింగమనేది మళ్లీ మళ్లీ చేసే చేతల వల్ల ఏర్పడేదని సిద్ధాంతీకరించారు. మన స్టేజీ మీద స్థానం నరసింహారావు సత్యభామగా, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ అదే సత్యభామగా నడిచి ఆ ముక్కను ప్రేక్షకులకు అంతకుముందే చూపించారు. అయితే ఇందులో బాధించే విషయం ఒకటుంది. ఆడది ఎలా నడవాలో మగవాళ్లు రంగస్థలం మీద ఖాయం చేశాక గానీ చాలాచోట్ల స్త్రీలకు అక్కడ నడిచే అవకాశం రాలేదు.

మాయాశశిరేఖను నేను ఇంతసేపు తలచుకోవడానికి కారణం ఉంది. స్త్రీ దేహం తెర మీద, దాన్ని నడిపించేది లోపలున్న మగవాడు. 1996లో 'టూంబ్ రైడర్' గేమ్ వచ్చినప్పుడు లక్షలాదిమంది కుర్రాళ్లు దాని నాయిక లారా క్రాఫ్ట్‌ను నడిపించింది సరిగ్గా ఇలాగే. సినిమాలో మనం చూస్తాం, గేమ్‌లో చేస్తాం. బటన్ నొక్కితే ఆమె దూకుతుంది. అందుకే గేమ్ విషయంలో మా టీచరుగారి ప్రశ్న అక్షరాలా వర్తిస్తుంది. గేమ్ తయారుచేసేవాడు ముందు నిర్ణయించుకోవాల్సిందే అది: ఈ పాత్ర ఏమేం చేయగలదు?

1981లో వచ్చిన 'డాంకీ కాంగ్' తీసుకోండి. కోతి ఒక అమ్మాయిని ఎత్తుకుపోయి ఉక్కు దూలాల పైన కూర్చోబెడుతుంది. మారియో నిచ్చెనలెక్కుతూ, పీపాల మీంచి దూకుతూ పైకి పోతాడు. అప్పట్లో ఆ అమ్మాయికి పేరు కూడా లేదు, 'లేడీ' అన్నారంతే. పాలిన్ అన్న పేరు తర్వాత వచ్చింది. ఆమె చేయగలిగిందల్లా చేతులూపడం, సాయం కోసం కేకేయడం. 2013లో మైక్ మైకా అనే గేమ్ డెవలపర్‌ను మూడేళ్ల కూతురు అడిగింది, అమ్మాయిగా ఆడి మారియోను కాపాడొచ్చా అని. ఆయన కూర్చుని పాత గేమ్‌లో బొమ్మలు మార్చి, పాలిన్ పైకెక్కేలా చేసి పాప చేతిలో పెట్టాడు. ఎక్కే నిచ్చెన అదే, దూకే పీపా అదే. ఆట నియమం ఒక్కటీ మారలేదు.

2005లో, 'డాంకీ కాంగ్' చేసిన నింటెండో వాళ్లే, మారియో ఆటల్లోని పీచ్ రాకుమారికి సొంత గేమ్ ఇచ్చారు. మారియో అన్నదమ్ములిద్దరినీ శత్రువులు ఎత్తుకుపోతే పీచ్ బయల్దేరుతుంది. ఇంతవరకూ సంతోషం. ఆమె శక్తులేమిటి? కింది తెర మీద నాలుగు హృదయాలు ఉంటాయి: ఆనందం, కోపం, దుఃఖం, ప్రశాంతత. కోపం నొక్కితే ఒళ్లంతా మంటలు. దుఃఖం నొక్కితే కన్నీళ్లు ధారలుగా చిమ్ముతాయి, ఆ నీటికి మొక్కలు మొలుస్తాయి. కన్నీటితో మొక్క మొలవడం నిజానికి అందమైన ఊహ, నాకు నచ్చింది. కానీ మారియో అగ్నిపుష్పం అందుకుని నిప్పులు విసురుతాడు, దానికి అతనికి కోపం రానక్కర్లేదు. ఆడపిల్లకు శక్తి ఇవ్వాల్సి వచ్చేసరికి వాళ్లకు తట్టింది ఏడుపూ కోపమూ. ఇది పగతో చేసింది కాదు, ఆలోచించకుండా చేసింది. విమర్శ పట్టుకోవాల్సింది ఇలాంటి చోటనే.

'మెట్రాయిడ్' సంగతి ఇంకోరకం. 1986 నాటి ఆ గేమ్‌లో కవచం తొడుక్కున్న యోధుడు చివర్లో సమస్ అనే స్త్రీ అని తెలుస్తుంది. ఎంత గొప్ప మలుపు! కానీ ఎంత తక్కువ సమయంలో ముగిస్తే ఆమె ఒంటి మీద అంత తక్కువ బట్టలు కనిపిస్తాయి. అంతసేపూ అన్ని సాహసాలూ చేసిన మనిషిని ఆఖరి క్షణంలో ఆటగాడికి బహుమతిగా అప్పజెప్పారు.

ఇలాంటివన్నీ వరసగా చూపించి మాట్లాడిన విమర్శకురాలు అనితా సర్కీసియన్‌కు ఏం జరిగిందో చాలామందికి తెలుసు. 2012లో వీడియోల కోసం ఆమె ప్రజల దగ్గర 6,000 డాలర్లు అడిగితే లక్షన్నర పైచిలుకు వచ్చాయి. డబ్బుతోపాటు బూతులు, బెదిరింపులు కూడా వచ్చాయి. 2014 అక్టోబరులో యూటా స్టేట్ యూనివర్సిటీలో ఆమె మాట్లాడితే కాల్పులు జరుపుతామని ఎవరో రాశారు. సభలోకి తుపాకులు రాకుండా ఆపే వీలు అక్కడి చట్టంలో లేకపోవడంతో ఆమె ఉపన్యాసం రద్దు చేసుకుంది. ఆమె అడిగింది గేమ్‌లను నిషేధించమని కాదు. వాటిని ప్రేమిస్తూనే విమర్శించవచ్చని చెప్పింది, అంతే.

అబ్బాయిలు కూడా గేమ్‌లో చచ్చిపోతారు కదా మేడం, అమ్మాయిల గురించే ఎందుకు బాధ అని నా క్లాసులో విద్యార్థులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వాళ్లు చచ్చిపోయేది ఏదో చేస్తూ. ఆమె చచ్చిపోయేది అతను ఏదో చేయడానికి కారణం కావాలి కాబట్టి. తేడా చావులో లేదు. మొదటి ఐదు నిమిషాల్లో భార్యో కూతురో పోయి, మిగతా ముప్పై గంటలూ నాయకుడు పగ తీర్చుకునే గేమ్‌లు, సినిమాలు ఒకసారి గుర్తు చేసుకోండి.

ఇక గొంతు. గొంతు మీద కాస్త నిలబడతాను, ఎందుకంటే ఈ విషయంలో మన అనుభవం ప్రత్యేకం. కాజా సిల్వర్‌మాన్ 1988లో సినిమాలో స్త్రీ గొంతు గురించి పుస్తకమే రాసింది. హాలీవుడ్‌లో మగ గొంతుకు మనిషి కనిపించకుండానే కథ నడిపే అధికారం ఉంటుందని, ఆడ గొంతును మాత్రం ఆమె దేహానికి కట్టిపడేస్తారని ఆమె అంటుంది. తెలుగు సినిమాలో ఆ కట్టు కూడా లేదు. ముఖం తరచు ముంబయి నుంచి వస్తుంది, గొంతు డబ్బింగ్ థియేటర్‌లోంచి వస్తుంది. సరిత గొంతుతో, రోజారమణి గొంతుతో ఎందరు హీరోయిన్లు మాట్లాడారో! 'ఏ మాయ చేసావె'లో సమంత మాటలు చిన్మయివి. చీకటి గదిలో మైకు ముందు నిలబడి, తెర మీద పెదవుల కదలికకు సరిపోయేలా నవ్వు, వెక్కిళ్లు, ఎగశ్వాస తెచ్చిపెట్టే ఆ స్త్రీల బొమ్మ పోస్టర్ మీద ఉండదు. చామనఛాయ తెలుగమ్మాయి గొంతు పనికొచ్చింది, ముఖం పనికిరాలేదు. మన సినిమా స్త్రీని చూపించే తీరు గురించి ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

ఇప్పుడు గేమ్‌కు రండి. మా విద్యార్థినులు బీజీఎంఐ అనే మొబైల్ యుద్ధపు ఆట ఆడతారు, బాగా ఆడతారు. నలుగురి జట్టులో మైక్ ఆన్ చేసి మాట్లాడుకుంటేనే గెలవగలిగే ఆట అది. వాళ్లలో చాలామంది మైక్ ఆన్ చేయరు. చేసిన మరుక్షణం "ఏయ్ అమ్మాయి రా" అని ఒకడు, నంబరు ఇమ్మని ఇంకొకడు. ఒకమ్మాయి మగపేరు పెట్టుకుని ఆడుతుంది; శత్రువు ఎటు నుంచి వస్తున్నాడో కనిపిస్తున్నా చెప్పలేక జట్టు ఓడిపోవడం చూస్తూ ఊరుకుంటానంది. మల్వీ 1981లో తన వ్యాసానికి కొనసాగింపు రాస్తూ, స్త్రీ ప్రేక్షకురాలు మగ నాయకుడితో మమేకమై ఆనందించడం గురించి చర్చించింది. మగపేరు వెనక ఆడుతున్న ఈ పిల్లకు ఆ ఆనందం ఏ ధరకు దొరుకుతోందో మనం లెక్క వేయాలి.

స్త్రీ అన్న ఒక్క మాటతో అందరినీ ఒక గాటన కట్టడం కూడా కుదరదు. నల్లజాతి స్త్రీలకు తెర మీద చూపబడే భాగ్యం కూడా లేదని, అందుకే వాళ్లు ఎదురుతిరిగి చూడటం నేర్చుకున్నారని 1992లో బెల్ హుక్స్ రాసింది. మన సినిమాలో దళిత స్త్రీ ఎక్కడుంది? పొలం పాటలో వెనక వరసలో ఉంటుంది, లేదా హీరో ఆవేశానికి కారణమయ్యే శవంగా ఉంటుంది. 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు' పేరిట దళిత స్త్రీల రచనలు సంకలనం చేసి ఇచ్చారు. అన్ని జీవితాలు పుస్తకంలో ఉండగా, కథలు లేవనే మాట సినిమావాళ్లు అనకూడదు. నవలాయుగంలో యద్దనపూడి సులోచనారాణి 'మీనా'ను తీసుకుని విజయనిర్మల 1973లో తెలుగులో దర్శకురాలైంది. రచయిత్రి, దర్శకురాలు, చదివి చూసే ఆడవాళ్లు ఒక గొలుసుగా ఉన్న రోజులవి. ఆ గొలుసు తెగాక మనం ఎంత పోగొట్టుకున్నామో ఎవరైనా పరిశోధన చేయాలి.

గేమ్‌లలో నాకు ఆశ కలిగించినవి రెండు. పుణె బృందం ఒకటి 2020లో తెచ్చిన 'రాజీ'లో సర్కస్ పిల్ల రాజీ, రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడి కోసం త్రిశూలం పట్టుకుని బయల్దేరుతుంది. అక్క తమ్ముణ్ని వెతుక్కుంటూ పోవడం మనకు పరాయి కథ కాదు. రెండోది 2023లో కెనడా నుంచి వచ్చిన 'వెణ్బా'. వలస వెళ్లిన తమిళ తల్లి కథ. ఆటంటే వంట చేయడమే. అమ్మ ఇచ్చిన పాత వంటల పుస్తకం చిరిగిపోయి, అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. ఇడ్లీపాత్రలో ఏ రేకు మీద ఏ రేకు ఎలా పెట్టాలో ఆలోచించి తేల్చాలి. తప్పు పెడితే ఇడ్లీ పాడవుతుంది. శత్రువు లేడు, తుపాకీ లేదు, అమ్మ చేసే పని మాత్రం ఉంది, దాన్ని మన చేతులతో చేయాలి. అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లలు దీన్ని ఆడి ఇంటికి ఫోన్ చేశారని విన్నప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

తెర మీద పని గురించి ఇంత మాట్లాడి, తెర వెనక పని గురించి మాట్లాడకపోతే అన్యాయం. మలయాళ సినిమారంగంలో స్త్రీల పరిస్థితి పరిశీలించడానికి కేరళ ప్రభుత్వం 2017లో వేసిన జస్టిస్ హేమ కమిటీలో మన తెనాలి శారద సభ్యురాలు. మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి అయిన మనిషి. 2019 డిసెంబరులో ఇచ్చిన ఆ నివేదిక 2024 ఆగస్టుకు గానీ బయటికి రాలేదు. అందులో లైంగిక వేధింపులతోపాటు, షూటింగ్ చోట మరుగుదొడ్డి లేకపోవడం, బట్టలు మార్చుకునే గది లేకపోవడం ఉన్నాయి. నీళ్లు తాగకుండా రోజంతా నిలబడ్డ స్త్రీని తెర మీద మనం అందంగా చూస్తున్నాం. ఆ నెలలోనే సమంత, తెలంగాణ ప్రభుత్వానికి చేరిన తెలుగు పరిశ్రమ నివేదికను కూడా ప్రచురించమని బహిరంగంగా కోరింది. ఆ కోరికకు ఈ వేదిక నుంచి నా గొంతు కూడా కలుపుతున్నాను. అలాంటి నివేదికలు సచివాలయం బీరువాలో ఉండకూడదు. హైదరాబాద్ కృష్ణానగర్‌లో పొద్దున్నే జూనియర్ ఆర్టిస్టుల బస్సు కోసం నిలబడే ఆడవాళ్లు చదువుకోగల తెలుగులో, వాళ్ల చేతికి అందేలా ఉండాలి.