తుఫానుకి ముందే దగ్గరుండాల్సిన 5 టూల్స్ | చైన్ సా రిపేర్

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను గుర్తుంది కదా? తెల్లారేసరికి మా వీధికి అడ్డంగా కొబ్బరిచెట్టు. పక్కింటి మామ్మగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆటో ఏమో చెట్టుకి అవతల ఆగిపోయింది. నా చైన్ సా ఎంత లాగినా స్టార్ట్ అవ్వలేదు. చివరికి నలుగురు గొడ్డళ్లతో నరికారు. తర్వాత చూస్తే ప్లగ్‌కి మసి పట్టిందంతే! బీటెక్ చదివాను గానీ, ప్లగ్ విప్పే స్పానర్ ఇంట్లో లేదండీ.

అందుకే ఈ ఐదూ కొనుక్కోండి.

ఒకటి, ప్లగ్ స్పానర్. చాలా మిషన్లకి ప్లగ్ 19, బార్ నట్లు 13. ఒకే కాంబి స్పానర్ రెండిటికీ సరిపోద్ది. ప్లగ్ తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది, స్పార్క్ చూడాలి. పొడిగా ఉంటే పెట్రోలే రావట్లేదు, ఫిల్టరూ కార్బొరేటరూ చూడాలి.

రెండు, టీ-27 స్టార్ కీ. చాలా కంపెనీల బాడీ స్క్రూలు దీంతోనే వస్తాయి.

మూడు, గుండ్రటి ఆకురాయి. సాధారణంగా 3/8 లో ప్రొఫైల్ చైన్‌కి 4 మిల్లీమీటర్లు, .325 చైన్‌కి 4.8. కోసేటప్పుడు చెక్క పేళ్లు కాకుండా పిండి రాలుతోందంటే పళ్లు మొద్దుబారాయని అర్థం. ప్రతి పన్నుకీ సమానంగా రాయండి, లేకపోతే కోత పక్కకి లాగేస్తది.

నాలుగు, ఫీలర్ గేజ్. ప్లగ్ గ్యాప్ సుమారు 0.5, కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య 0.3. మీ మాన్యువల్ ఓసారి చూసుకోండి.

ఐదు, నైలాన్ తాడు ముక్క. క్లచ్ విప్పాలంటే పిస్టన్ కదలకూడదు. పిస్టన్ పైకొస్తున్నప్పుడు, పోర్టులు మూసుకున్నాక, ప్లగ్ రంధ్రంలోంచి తాడు దూర్చండి. స్క్రూడ్రైవర్ పెట్టారో, పిస్టన్ గీసుకుపోద్ది. మన కొబ్బరితాడు కూడా వద్దు, పీచు లోపలే ఉండిపోద్ది!

ఏది విప్పినా ముందు ప్లగ్ క్యాప్ పీకెయ్యండి, చేతికి గ్లౌజు వేసుకోండి.

చివరి మాట. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం వరకూ ఇథనాల్ ఉంటోంది, అది తేమని లాక్కుంటది. మన గాలిలో తేమకి కొదవా? పని అయ్యాక ట్యాంక్ ఖాళీ చేసి, మిషన్ ఆగిపోయేదాకా నడిపి అప్పుడు అటకెక్కించండి. మళ్లీ వాడేటప్పుడు కొత్త పెట్రోల్ పొయ్యండి. 50:1 మిషన్ అయితే లీటరుకి 20 మిల్లీలీటర్లు టూ-టీ ఆయిల్.

ఈ వారమే మీ చైన్ సా ఓసారి స్టార్ట్ చేసి చూడండి. తుఫాను కబురు విన్నాక కాదు, ఇప్పుడే. ఉంటాను మరి, బై!