ఆ ఇంట్లో పుట్టనివాళ్ళ కోసం



మాది జహీరాబాద్ పక్కన కోహీర్. మా దిక్కు ఎవరి పిల్లలైనా నటనలో డిగ్రీ చేస్తామంటే పెద్దవాళ్ళు అడిగే మాట ఒక్కటే: "నాటకాలెయ్యనీకి గూడ సదువు గావాల్నా?" ఇవాళ నటనలో పట్టా పుచ్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు ఈ సభలో ఉన్నారు, వాళ్ళల్లోనూ కొందరు ఆ మాట అనే ఉంటారు. అది న్యాయమైన ప్రశ్న. ఇవాళ దానికే జవాబు చెప్పాలనుకుంటున్నాను.

సురభి నాటక కుటుంబాల వాళ్ళు డిగ్రీలు చదివి వేషాలు కట్టలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ' ఆడించిన నాటి నుంచి ఆ ఇళ్ళ పిల్లలు తెర వెనకే పెరిగారు. చిందు యక్షగానం ఆడే కుటుంబాలలోనూ అంతే, తాత పాట మనవడికి వింటూ వింటూనే నోటికి వచ్చేస్తుంది. వాళ్ళ విద్య ముందు మన పట్టాలు చిన్నవి.

మరి కోహీర్‌లో జామతోట కౌలుకు చేసే రైతు బిడ్డకు నటించాలని ఉంటే? ఆ పిల్లకు తెర వెనక తాత లేడు. అడిగితే నేర్పే మేనత్త లేదు. యూనివర్సిటీ అవసరం ఆమెకుంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 1988లో మొదలైన సరోజినీ నాయుడు స్కూల్ కావచ్చు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ రంగస్థల విభాగం కావచ్చు, ఏ ఇంట్లో పుట్టావని అడగకుండా లోపలికి రానిస్తాయి. వంశంలో ఉంటేనే దక్కే విద్యను పరీక్ష రాసి అడిగి తీసుకోవచ్చు. నా దృష్టిలో ఈ డిగ్రీ చేసిన మేళ్ళలో అన్నిటికన్నా పెద్దది ఇదే.

ఇక్కడ ఏం నేర్చారో ఇంటికెళ్ళి చెప్పండి. మా స్టేషన్ దగ్గర జామకాయలమ్మే అమ్మ వేషం మీకిచ్చారనుకోండి. కాయను నాలుగు బద్దలుగా కోసి ఉప్పూకారం అద్దేటప్పుడు ఆమె చూపు కత్తి మీద ఉండదు, రైలు దిగేవాళ్ళ మీద ఉంటుంది. చెయ్యి తన పని తాను చేసుకుపోతుంది. కాయలు కోసి కోసి ఆ పని మీ చేతికి వస్తే తప్ప మీ చూపు కత్తిని వదలదు. ఆ తర్వాత ఆమె మాట పట్టుకోవాలి. ఒక్క బేరంలోనే తెలుగు, ఉర్దూ, కన్నడం కలిసిపోయే మాట అది. దాన్ని గొంతు చించుకోకుండా, పొట్టలోంచి ఊపిరి తీసి చివరి వరుస దాకా వినిపించాలి. ఇదంతా చదువు కాదని ఎవరంటారు?

ఆ అమ్మ మాట్లాడే మాట సంగతి ఇంకొంచెం చెప్పాలి. తెలంగాణ పలుకును మన సినిమాలు ఏళ్ళ తరబడి విలన్లకూ హాస్యగాళ్ళకూ అప్పగించాయి. మా పాత మెదక్ జిల్లా మంగళపర్తిలో తీసిన 'మా భూమి' 1980లో వచ్చి, ఆ పలుకులో దుఃఖమూ కోపమూ ఎంత లోతుగా పలుకుతాయో చూపించింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి సంఘం రేడియోలో సేద్యం చేసుకునే ఆడవాళ్ళు తమ యాసలోనే మాట్లాడుతున్నారు. శిక్షణ పొందిన గొంతులు మీవి. ఆ యాసను వెక్కిరింపుకు వాడమంటే ఒప్పుకోకండి.

పట్టా ఉంది కదా అని పల్లె కళాకారుల ముందు తల ఎగరేయకండి. జాతీయ నాటక పాఠశాలకు డైరెక్టర్‌గా చేసిన బి.వి. కారంత్ అంతటివారు 1990లలో సురభి వాళ్ళ దగ్గరికి వచ్చి, వాళ్ళతో కూర్చుని 'భీష్మ' నాటకం తయారు చేశారు.

సినిమా కోసం హైదరాబాద్ కృష్ణానగర్‌లో గది తీసుకునేవాళ్ళు తీసుకోండి, అందులో తప్పేమీ లేదు. పోయేముందు మీ ఊరి బడిలో ఒక్క నాటకం ఆడించి పొండి. లెక్కలకూ సైన్సుకూ మాస్టార్లున్న మా ఊరి బళ్ళలో నాటకం నేర్పేవాళ్ళు లేరు. ఈ వేసవిలో కోహీర్ పిల్లలకు నేర్పడానికి మీలో ఎవరొస్తారో, సభ ముగిశాక నా దగ్గరికి వచ్చి పేరు చెప్పండి.