విమానం టైరు ఒకవైపే ఎందుకు అరిగింది?

పోయిన వారం ఫ్లైట్ క్యాన్సిల్ అయిందని చెప్పా కదా. వాతావరణం వల్ల కాదండి, టైరు వల్ల!

నేను అమెరికాలో ఒక ఫ్లయింగ్ క్లబ్బులో సెస్నా 172 మీద నేర్చుకుంటున్నాను. ఎక్కేముందు విమానం చుట్టూ తిరిగి అన్నీ చూసుకోవాలి. చూశాను. టైర్లు బాగున్నాయని టిక్కు కూడా పెట్టేశాను. మా ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనకుండా విమానాన్ని ఒక రెండడుగులు ముందుకు తోశారు. ఎడమ టైరులో అంతవరకూ నేలకు ఆనుకుని ఉన్న భాగం పైకొచ్చింది. బయటి అంచున రబ్బరు మొత్తం పోయి లోపలి దారాలు కనిపిస్తున్నాయి. నాకు చెమటలు పట్టేశాయి.

టైరు మార్చి ఎన్నో నెలలు కాలేదు. కుడివైపుది శుభ్రంగా ఉంది. ఊరికే ఇంకో కొత్త టైరు వేయడమంటే, బగ్గు వదిలేసి సర్వర్ రీస్టార్ట్ చేయడమే (ఆ పని నేను ఆఫీసులో చాలాసార్లు చేశాను, అది వేరే కథ). మెకానిక్ అలైన్‌మెంట్ చూస్తానన్నారు. నేను పక్కనే నిలబడ్డా.

ఏదో లేజర్ మెషీను తెస్తారనుకున్నా. ఆయన తెచ్చింది వడ్రంగి మూలమట్టం, ఒక పొడవాటి తిన్నని బద్ద, నాలుగు అల్యూమినియం రేకులు, గ్రీజు! ఒక్కో చక్రం కింద రెండు రేకులు, మధ్యలో గ్రీజు. ఎందుకంటే సెస్నా కాళ్లు స్ప్రింగు స్టీలు. వట్టి నేల మీదైతే టైరు నేలను పట్టేసి కాలిని సర్దుకోనివ్వదు, కొలత తప్పొస్తుంది. రేకుల మీద పెట్టి విమానాన్ని అటూ ఇటూ ఊపితే కాళ్లు వాటంతటవే సర్దుకుంటాయి.

తర్వాత రెండు చక్రాల ముందు అడ్డంగా బద్ద పెట్టి, దానికి మూలమట్టం ఆనించి, ఇరుసు నట్టుకు కాస్త కింద చక్రానికి తగిలించారు. మూలమట్టం నుంచి రిమ్ముకు ముందువైపు ఎంత దూరం, వెనకవైపు ఎంత? ఆ తేడాయే టో. ముందువైపు దూరం ఎక్కువుంటే చక్రం లోపలికి తిరిగినట్టు, అంటే టో-ఇన్. సెస్నా మాన్యువల్లో 0 నుంచి 0.06 అంగుళం, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్ల వరకే ఒప్పుకుంటారు. మా ఎడమ చక్రానికి దాదాపు 4 వచ్చింది.

"అసలు సున్నాయే పెట్టొచ్చు కదా?" అనడిగా. ఆ లెక్క ఖాళీ విమానానికట. మనుషులు, పెట్రోలు ఎక్కాక బరువుకు కాళ్లు విచ్చుకుని చక్రాలు సుమారుగా తిన్నగా వస్తాయి. మా క్లబ్బులోలా ఎప్పుడూ తేలిగ్గా ఎగిరే విమానానికి బయటి అంచు ఎలాగూ కొంచెం ముందు అరుగుతుందట.

ఇరుసుకూ కాలికీ మధ్య ఏటవాలు షిమ్ మార్చారు. మళ్లీ కొలిస్తే 1 మిల్లీమీటరు. అక్కడ లైసెన్సున్న పైలట్ తన విమానం టైరు తనే మార్చుకోవచ్చు గానీ, ఈ పని మెకానిక్కుదే, లాగ్‌బుక్కులో సంతకమూ ఆయనదే.

నిన్న మళ్లీ ఎగిరాను. ముందు రెండడుగులు తోసి చూశాకే టిక్కు పెట్టా. వచ్చే ఎపిసోడ్‌లో బ్రేకుల సంగతి చూద్దాం, ఉంటానండి.