అభియోగం లేని ఖైదీ



అభిప్రాయ స్వేచ్ఛ మీద ఉపన్యాసమంటే జాన్ స్టూవర్ట్ మిల్‌తో మొదలుపెట్టడం ఆనవాయితీ. 1859లో ఆయన రాసిన ‘ఆన్ లిబర్టీ’ నాకూ ఇష్టమైన పుస్తకమే. అయితే బెంగళూరులో, తెలుగువారి ముందు ఈ మాట ఎత్తుకున్నప్పుడు నేను ముందుగా తలచుకోవలసింది స్నేహలతా రెడ్డిని.

‘ఫిడేలు రాగాల డజన్’ రాసిన మన నెల్లూరు పఠాభి, అంటే పట్టాభిరామరెడ్డి, ఆమె భర్త. ఇద్దరూ సోషలిస్టు నాయకుడు లోహియా బాటలో నడిచినవారు. ఆయన కన్నడంలో తీసిన ‘సంస్కార’లో చంద్రి పాత్ర ఆమెదే. ఆ చిత్రాన్ని సెన్సారు మొదట ఆపేసింది. అప్పీలులో గెలిచి బయటికొచ్చాక దానికే 1970 ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి దక్కింది. సినిమాకు అప్పీలు చేసుకునే దారి ఉంది. ఆరేళ్ల తర్వాత ఆమెకు ఆ దారి లేకుండా పోయింది.

ఎమర్జెన్సీ నడుస్తున్న 1976 మే నెలలో ఆమెను అరెస్టు చేశారు. ప్రభుత్వానికి వ్యతిరేకంగా పేలుళ్లకు కుట్ర పన్నారన్న బరోడా డైనమైట్ కేసులో సోషలిస్టు నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌తో సంబంధముందన్నారు. చివరికి వేసిన చార్జిషీటులో ఆమె పేరే లేదు. అయినా విచారణ లేకుండా నిర్బంధించే మీసా చట్టం కింద ఇక్కడి సెంట్రల్ జైలులో ఎనిమిది నెలలు ఉంచారు. ఉబ్బసం మనిషి. జైల్లో జబ్బు ముదిరింది. 1977 జనవరి 15న పెరోలు మీద వదిలారు. 18న ఎన్నికలు ప్రకటించారు. 20న ఆమె కన్నుమూసింది.

ఆమె అరెస్టుకు కొద్ది రోజుల ముందు, ఏప్రిల్ 28న, జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఎమర్జెన్సీలో నిర్బంధాన్ని హెబియస్ కార్పస్‌తో, అంటే బందీని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్‌తో, ప్రశ్నించే వీలు లేదని నలుగురు న్యాయమూర్తులు తేల్చారు. హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు.

ఒక అభిప్రాయాన్ని నొక్కేస్తే, అది తప్పయినా ఒప్పయినా, నష్టపోయేది సమాజమేనని మిల్ వాదన. నేను ఒప్పుకుంటాను. కానీ నోరు మూయించదలచిన ప్రభుత్వం మన అభిప్రాయంతో వాదానికి దిగదు, మనిషిని పట్టుకుపోతుంది. ఎందుకు పట్టుకుపోయారని నిలదీసే కోర్టు లేనిచోట 19వ అధికరణం ఇచ్చిన వాక్ స్వాతంత్ర్యానికి కాగితం విలువే. అందుకే హెబియస్ కార్పస్‌ను వకీళ్ల వ్యవహారమని వదిలేయకండి. రచయితలకూ నటులకూ అదే మొదటి రక్ష.

జబల్‌పూర్ తీర్పును 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం కొట్టేసింది. ఈ 2017 తీర్పుకు దారితీసిన గోప్యత హక్కు కేసు వేసినవారు కర్ణాటక హైకోర్టులో పనిచేసి రిటైరైన జస్టిస్ పుట్టస్వామి. పోలీసు నిఘా నీడలో తిరిగేవాడికి స్వేచ్ఛ ఉన్నట్టు కాదని 1962లో మైనారిటీ తీర్పు రాసిన తెలుగువాడు కోకా సుబ్బారావు మాటను కూడా ఆ ధర్మాసనమే నిలబెట్టింది. ఓడిన తీర్పు యాభై అయిదేళ్లు చెక్కుచెదరకుండా కాచుకుని ఉండటం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

అయినా పని మిగిలే ఉంది. 1978లో వచ్చిన 44వ సవరణ, ఎమర్జెన్సీలోనూ జీవించే హక్కును సస్పెండ్ చేయరాదంది. అది అమలైంది. సలహా మండలి చూడకుండా ముందస్తు నిర్బంధంలో ఉంచగల గడువును మూడు నెలల నుంచి రెండుకు తగ్గించే భాగమూ అందులోనే ఉంది. పార్లమెంటు ఆమోదించిన ఆ భాగాన్ని ఏ ప్రభుత్వమూ నేటివరకు నోటిఫై చేయలేదు. మన ఎంపీలను మనం అడగవలసింది ఈ ఒక్క నోటిఫికేషనే.