బకింగుహాము కాలువలో ఒక పగలు

నెల్లూరు తీరమున సముద్రమును అంటిపెట్టుకొని బకింగుహాము కాలువ సాగుచున్నది. పెదగంజాము మొదలు మరక్కాణము వరకు దీని పొడవు సుమారు 420 కిలోమీటర్లు. 1806లో మద్రాసు వద్ద ఆరంభమై, అంచెలంచెలుగా పెరిగినది. మద్రాసులో కూవము, అడయారు నదులను కలుపు భాగమును 1877-78లో, ధాత కరువు నాళ్ళలో, ఆకలిగొన్న జనము కూలికి త్రవ్విరి.

పడవలు తిరిగిన కాలమున ఇందు ఒక పగటి ప్రయాణమెట్టిదో మనము ఊహింతము. వేకువను కృష్ణపట్నము వద్ద పడవ కదలును. గాలి కలిసివచ్చిన తెరచాప ఎత్తుదురు. లేనినాడు గెడ వేయుదురు, లేదా గట్టున నడచుచు తాడుతో లాగుదురు. సరుకు సరుగుడు కట్టెలు, ఉప్పు, గమ్యము మద్రాసు.

ఏరు అడ్డమైనచోట లాకు. ఏటినీరు పోటుకు పెరిగి, పాటుకు తగ్గును. కాలువనీరు నిలకడగా నుండవలెను. పడవ లాకులోనికి రాగానే వెనుక తలుపులు మూసి, ముందువైపు తూము తెరతురు. లోపలినీరు, వెలుపలినీరు సమమగువరకు ఎంతటి షావుకారైనను వేచియుండవలసినదే. పిదప తలుపులు తీయుదురు. పడవ ఏరు దాటి ఆవలి లాకు చేరును.

రైలు, రోడ్డు, పూడిక, 1965, 1966, 1976 తుఫానులు ఆ రాకపోకలను మాన్పినవి. అయినను 2004 డిసెంబరు 26న సునామీ విరుచుకుపడినప్పుడు, ఈ కాలువ అలల నీటిని తనలో ఇముడ్చుకొని తీరవాసులనెందరినో కాచినది. 2008లో ఇది 4వ జాతీయ జలమార్గమున చేరినది. ఇంత ఉపకారము చేసినదానిని పూడికకు, చెత్తకు విడిచిపెట్టుట మనకు తగునా? పడవలు తిరిగిరాకున్నను, నీటికి దారి యుండవలెను. ఆకలిగొన్నవారు త్రవ్విన కాలువను మనము కడుపునిండి పూడ్చుకొనరాదు.