ఉద్యోగమునకును మనిషి కావలెను



పెండ్లిచూపులకు వచ్చినవారు పిల్లను చూతురు. పిల్లవారు వచ్చినవారిని చూతురు. ఈ సంగతి ఎరిగిన మన యువకులే దరఖాస్తు పంపునపుడు మాత్రము యాచకులవలె చేతులు జోడింతురు.

సింహాచలము కొండదిగువ పల్లెలకు దాపుననున్న విశాఖపట్టణమునే చూడుడు. 1941లో సింధియా కంపెనీవారి నౌకానిర్మాణశాలకు రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. 1948 మార్చి 14న నెహ్రూగారు ‘జల ఉష’ను నీటిలోనికి విడిచిరి. 8,000 టన్నుల ఓడ ధనముతో మాత్రమే లేవదు. ఉక్కురేకు కోయువాడు, రివెట్లు బిగించువాడు, పటము చదువగలవాడు కావలెను. జీతమునకై మనుష్యులు శాలను వెదకినట్లే, శాలయు మనుష్యులను వెదకవలసినదే.

అయితే ఈ రెండు చూపులు కలియుటకు ఒక తావు వలయును. సిఫారసే ఆ తావైనచోట, బంధుబలము లేనివాని గతి చెప్పనక్కరలేదు. ఖాళీలను ఎంప్లాయిమెంటు ఎక్స్ఛేంజికి తెలుపవలెనని 1959 నాటి చట్టము విధించెను. అక్కడివారినే తీసికొనవలెనని మాత్రము చెప్పలేదు. 1996లో కృష్ణాజిల్లా ఎక్సైజుశాఖ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టక వార్తాపత్రికలలోను ప్రకటింపవలెననెను.

పత్రిక కొనలేని కుర్రవాడు ఆ ప్రకటనను ఎచ్చట చదువును? గ్రంథాలయపు బల్లమీదనే. తన అర్హత సరిపోయెనా అని మాత్రమే చూచి లేచిపోరాదు. జీతమెంత, పని ఎట్టిది, నేర్పువారు గలరా అనియు చూడవలెను. పాత పత్రికలను కట్టగట్టి దాచు గ్రంథాలయమున, ఒకే సంస్థ ఒకే పనికి ఏడాదిలో ఎన్నిమారులు మనుష్యులను పిలిచెనో కూడ తెలియును. వచ్చినవారు ఏల నిలువలేదో విచారించి, పిదప దరఖాస్తు వ్రాయవచ్చును.