ఇంటి పన్ను: మనం అడగకుండా వదిలేస్తున్న మినహాయింపులు
(వార్షిక సమావేశంలో సంస్థ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఏటా జనవరి వచ్చేసరికి మా సహాయ నిధికి ఒక రకం అర్జీలు వస్తాయి. ఇంటి పన్నుకు డబ్బు చాలడం లేదని. సొంత ఇల్లున్నవారికి సాయమెందుకని దాతలు కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు మన కాలిన్ కౌంటీ పన్ను లెక్కలోనే ఉంది. అది అర్థమైతే మీరిచ్చే డబ్బు ఎక్కడ అవసరమో, ఎక్కడ ఒక్క ఫారమ్ సరిపోతుందో కూడా తెలుస్తుంది.

హైదరాబాదులో నివాసానికి పన్ను అద్దె విలువను బట్టి వేస్తారు. ఇక్కడ ఇల్లు అమ్మితే ఎంత పలుకుతుందో ఆ విలువ మీద వేస్తారు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కదా, బడులకు స్థానికంగా డబ్బు రావలసింది ఇళ్ళ మీదనుంచే. అందుకే బిల్లులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌ది. కౌంటీ వాటా చిన్నది. ఎప్పుడో చవకగా కొన్న ఇంటి విలువ ఇప్పుడు ఎన్నో రెట్లయింది, ఇంటాయన రిటైరయ్యారు. ఆదాయం తగ్గింది, పన్ను తగ్గలేదు. అర్జీలు పెట్టుకునేవారిలో ఎక్కువమంది ఇలాంటివారే.

విలువ కట్టేది కాలిన్ సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్. జనవరి 1 నాటి విలువను లెక్కలోకి తీసుకుంటుంది. మనం సొంతంగా కాపురముండే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంది. 2025 నవంబరు ఓటింగు తర్వాత స్కూలు పన్నులో ఇది 1,40,000 డాలర్లు. 65 ఏళ్ళు దాటినవారికి, వికలాంగులకు మరో 60,000. స్కూలు పన్ను వంద డాలర్లకు ఒక డాలరనుకుందాం. మొదటి మినహాయింపుతో 1,400 డాలర్లు, రెండూ కలిస్తే 2,000 డాలర్లు ఏటా మిగులుతాయి. పైగా హోమ్‌స్టెడ్ వచ్చిన మరుసటి ఏడాది నుంచి, కొత్త కట్టడాలు చేస్తే తప్ప, పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదు.

ఇవేవీ వాటంతట అవి రావని ముందే అనుకోవాలి. దరఖాస్తు పెట్టాలి. రుసుము లేదు. ఇల్లు కొన్న కొత్తలో డబ్బిస్తే దరఖాస్తు వేసిపెడతామని ఉత్తరాలు వస్తాయి, వాటిని చెత్తబుట్టలో వేయండి. పౌరసత్వం అక్కర్లేదు. ఆ ఇంటి చిరునామా ఉన్న డ్రైవర్ లైసెన్సో, రాష్ట్ర గుర్తింపు కార్డో కావాలి. ఏళ్ళుగా పెట్టనివారు కూడా నిరాశపడనక్కర్లేదు. పన్ను గడువు దాటాక రెండేళ్ళ వరకు పాత సంవత్సరానికి అడగవచ్చు, కట్టిన డబ్బు తిరిగి వస్తుంది. ఇంకో సంగతి, 2023 చట్టం ప్రకారం అప్రైజల్ డిస్ట్రిక్ట్ అయిదేళ్ళకొకసారైనా మినహాయింపును సరిచూడాలి. ఆ ఉత్తరానికి జవాబివ్వకపోతే ఉన్నది పోవచ్చు. ఇంగ్లీషు ఉత్తరాలను విప్పకుండా పక్కన పెట్టే పెద్దవాళ్ళు మన ఇళ్ళలో ఉన్నారు కదా.

మనవాళ్ళలో ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఒకటుంది. కొడుకు తన పేరు మీద ఇల్లు కొని అమ్మానాన్నలను అక్కడ ఉంచుతాడు, తాను వేరే ఇంట్లో ఉంటాడు. ప్రేమతో చేసిన పనే. కానీ పన్ను లెక్కలో యజమాని అక్కడ ఉండడు, ఉండేవారు యజమానులు కారు. హోమ్‌స్టెడ్ రాదు, 65 ఏళ్ళవారి మినహాయింపూ రాదు. కొనేటప్పుడే తల్లిదండ్రులకు దస్తావేజులో భాగం ఉండాలా అని లాయరును అడగండి. వారసత్వం మాటా అందులో ఉంటుంది కనుక ఇది తొందరపడి చేసే పని కాదు.

రెండోది వడ్డీ. అప్పు లేకుండా ఇల్లు కొన్నవారికీ, అప్పు తీర్చేసినవారికీ ఎస్క్రో ఉండదు. బిల్లు నేరుగా ఇంటికే వస్తుంది, మొత్తం ఒకేసారి. జనవరి 31 దాటితే ఫిబ్రవరిలోనే 6 శాతం జరిమానా, 1 శాతం వడ్డీ. 8,000 డాలర్ల బిల్లుకు 560. జూలై నాటికి రెండూ కలిసి 18 శాతం, అంటే 1,440 డాలర్లు. ఆపైన వసూలు ఖర్చని 20 శాతం వరకు వేయవచ్చు. అప్పుకు వడ్డీ కట్టకూడదని జీవితమంతా జాగ్రత్తపడినవారు చివరికి పన్ను మీద వడ్డీ కట్టవలసి రావడం మాకు బాధగా ఉంటుంది.

65 దాటినవారికి చట్టంలోనే దారి ఉంది. సొంత ఇంటి పన్నును నాలుగు సమాన వాయిదాల్లో కట్టవచ్చు. మొదటిది ఫిబ్రవరి 1 లోపు, తర్వాతవి ఏప్రిల్ 1, జూన్ 1, ఆగస్టు 1 లోపు. వేళకు కడితే జరిమానా లేదు, వడ్డీ లేదు. మొదటి వాయిదాతోపాటు ఇలా కడతామని రాసి ఇవ్వాలి. పన్నును పూర్తిగా వాయిదా వేసుకునే హక్కు కూడా ఉంది, కానీ దానికి ఏడాదికి 5 శాతం వడ్డీ పెరుగుతుంది, తాకట్టు ఇంటి మీదే ఉంటుంది. రెండూ పక్కపక్కన ఉంటే మొదటిదే మన పెద్దలకు చెప్పండి.

65 దాటినవారి స్కూలు పన్నుకు పైహద్దు కూడా ఉంటుంది. భర్త పోతే భార్యకు అప్పటికి 55 ఏళ్ళుంటే, ఆ ఇంట్లోనే ఉంటే, ఆ హద్దు ఆమెకు నిలుస్తుంది, అడిగితేనే. ఇల్లు ఇంకా చనిపోయినాయన పేరు మీదే ఉన్నా 2019 నుంచి వారసులు హోమ్‌స్టెడ్ అడగవచ్చు. ఇద్దత్ రోజుల్లో ఈ కాగితాలు ఆమె ముందు పెట్టేవారెవరు? కుటుంబంలో మగవాళ్ళు తమ పనుల్లో ఉంటారు. ఆ పని మేము చేయగలం.

విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లో, ఏది తర్వాతైతే అది, అభ్యంతరం చెప్పవచ్చు. దానికీ ఫీజు లేదు. పగిలిన పునాది ఫోటోలు, మరమ్మతు అంచనాలు, చుట్టుపక్కల ఇళ్ళ విలువలు చూపిస్తే చాలా సందర్భాల్లో సరిపోతుంది. మిగిలిన దానిలో వాటా అడిగే కంపెనీలు అన్నిసార్లూ అవసరం లేదు.

కనుక ఈ ఏడాది నుంచి మాదొక ప్రతిపాదన. ఇంటి పన్ను అర్జీ వస్తే చెక్కు రాసేముందు మినహాయింపులు చూస్తాం. డిస్ట్రిక్ట్ వెబ్‌సైటులో చిరునామా కొడితే హోమ్‌స్టెడ్ ఉందో లేదో తెలుస్తుంది. వయసు సంగతి అక్కడ పెట్టరు, ఫోన్ చేసి అడగాలి. ఫారమ్ వేశాక కూడా లోటుంటే అప్పుడు మీరిచ్చిన నిధి. మీలో అకౌంటెంట్లు, లాయర్లు, రియల్ ఎస్టేట్ చేసేవారు ఉన్నారు. అక్టోబరులో బిల్లులు రావడం మొదలవుతుంది. అప్పటి నుంచి జనవరి దాకా వారానికి ఒక సాయంత్రం ఇవ్వగలిగినవారు ఈ రోజే కమిటీకి పేరు ఇవ్వండి.